ఢిల్లీకి దగ్గర... విమానానికి దూరం!

ఢిల్లీకి ఎవరు దగ్గర? జన్వాడ వాళ్లా, ఆదిలాబాద్ వాళ్లా?

హైస్కూలు పిల్లాణ్ని అడిగినా అట్లాసు తిరగేసి ఠక్కున చెప్పేస్తాడు... ఆదిలాబాద్ వాళ్లేనని. నిజమే. పటం మీద స్కేలు పెట్టి సూటిగా గీత గీస్తే ఆదిలాబాద్ నుంచి ఢిల్లీ దాదాపు వెయ్యి కిలోమీటర్లు. చేవెళ్ల, మొయినాబాద్‌ల పొరుగున శంకర్‌పల్లి మండలంలో ఉన్న జన్వాడ నుంచైతే 1,200 కి.మీ. పైమాటే. అంటే ఆదిలాబాద్ మనిషి రెండొందల కిలోమీటర్లకు పైగా ముందున్నట్టే.

కానీ ఓ పని చేయండి. ఇద్దర్నీ ఒకే రోజు తెల్లవారుజామున, ఒకే సమయానికి ఇంట్లోంచి బయల్దేరమనండి. ముందుగా ఢిల్లీలో కాలుపెట్టేది జన్వాడ మనిషే. అదీ కొద్ది నిమిషాలు ముందు కాదు, రెండు మూడు గంటలు ముందు!

ఇదెక్కడి విడ్డూరం అనుకుంటున్నారా? విడ్డూరమేం లేదు. దూరాన్ని పటం చెబుతుంది. ప్రయాణాన్ని గడియారం చెబుతుంది. ఆ రెండిటికీ ఎప్పుడూ పొత్తు కుదరదు. తెలంగాణకు ఉత్తరాన ఉన్న రెండు పాత విమానాశ్రయాల కథంతా ఈ పొత్తు కుదరకపోవడంలోనే ఉంది. ఒకటి ఆదిలాబాద్‌ది. రెండోది వరంగల్ పక్కనున్న మామునూరుది.

వెనక్కి వెళ్తేనే ముందుకు!

ముందు జన్వాడ సంగతి చూద్దాం. 2008 మార్చి దాకా ఈ ఊరివాళ్లు విమానం ఎక్కాలంటే నగరం నడిబొడ్డు దాటి బేగంపేట వెళ్లాల్సిందే. ఆ నెల 23న శంషాబాద్‌లో కొత్త విమానాశ్రయం మొదలైంది. ఔటర్ రింగ్ రోడ్డు కూడా వచ్చింది. ఊరు అంగుళం కూడా కదల్లేదు. కానీ విమానానికి దగ్గరైపోయింది. ఇప్పుడు గండిపేట వైపు వచ్చి ఔటర్ ఎక్కితే గంటలోపే శంషాబాద్. అక్కడ చెకింగులూ ఎదురుచూపులూ కలిపి గంటన్నర. ఢిల్లీకి విమానంలో రెండుంబావు గంటలు. మొత్తం అయిదు గంటల్లో పని పూర్తి.

మరి ఆదిలాబాద్ మనిషో? ఉత్తరాన ఉన్న ఢిల్లీకి వెళ్లడానికి ముందు దక్షిణానికి తిరగాలి. 44వ నంబరు జాతీయ రహదారి మీద నిర్మల్, కామారెడ్డి మీదుగా హైదరాబాద్ 300 కి.మీ. పైనే. అంటే అయిదారు గంటలు. ఆపై శంషాబాద్ దాకా ఇంకో గంట. అక్కడ విమానం ఎక్కితే అది మళ్లీ ఉత్తరానికే ఎగురుతుంది! పొద్దున దాటొచ్చిన దూరాన్నంతా గాల్లో తిరిగి దాటాలన్నమాట.

రైలు మాటేమిటంటారా? దాని తీరు ఇంకా చిత్రం. ఆదిలాబాద్ నుంచి సికింద్రాబాద్ వచ్చే రైలు కిన్వట్, ముద్‌ఖేడ్‌ల మీదుగా మహారాష్ట్రలో చుట్టు తిరిగి, బాసర దగ్గర మళ్లీ మన నేల మీదికొస్తుంది. పట్టాల లెక్క 400 కి.మీ. దాటుతుంది. తిరుపతికి వెళ్లే కృష్ణా ఎక్స్‌ప్రెస్‌దీ ఇదే దారి.

అందుకే చాలామంది నాగపూర్ బండెక్కుతారు. అది రోడ్డు మీద 200 కి.మీ. దూరంలోనే ఉంది. నాలుగు గంటల్లో నాగపూర్, అక్కణ్నుంచి ఢిల్లీకి గంటన్నర పైచిలుకు విమానం. ఎంత లేదన్నా ఏడెనిమిది గంటలు. అంటే తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రానికి అందుబాటులో ఉన్న పెద్ద విమానాశ్రయం పొరుగు రాష్ట్రంలో ఉందన్నమాట. మరోవైపు నాందేడ్ ఉంది. అదీ మహారాష్ట్రే!

కొలిచేదెలా?

విమానాల లెక్కలో ‘దూరం’ అంటే రోడ్డు దూరం కాదు, సూటి దూరం. భూమి గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఆ సూటి గీత కూడా కొంచెం వంగుతుంది. బంతి మీద రెండు చుక్కలు పెట్టి వాటి మధ్య దారం బిగించి లాగండి. దారం ఎటు పడితే అదే అతి దగ్గరి దారి. గోడకు వేలాడే పటంలో అదే దారి విల్లులా వంగి కనిపిస్తుంది.

అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు సీటు ముందున్న తెర మీద విమానం బొమ్మను చూసి ‘ఇదేంటి, పడమటికి పోకుండా మంచు దేశాల పైకి పోతోంది’ అని కంగారుపడేది ఇందుకే. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిరిండియా తొలిసారి నేరుగా నడిపిన విమానం ఏకంగా ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది. కెప్టెన్ జోయా అగర్వాల్, కెప్టెన్ పాపగారి తన్మయి తదితర మహిళా పైలట్లే దాన్ని నడిపారు. దాదాపు 14,000 కి.మీ. సూటి దూరం, 17 గంటల ప్రయాణం. బంతి మీద దారం సూత్రమే వాళ్లకు దారి చూపింది.

ఉత్తరానికి వెళ్లేకొద్దీ ఇంకో తమాషా ఉంది. పటం మీద నిలువుగా ఉండే రేఖాంశాలు ధ్రువం వైపు వెళ్తూ ఒకదానికొకటి దగ్గరవుతాయి. జన్వాడ దగ్గర రెండు రేఖాంశాల మధ్య ఒక్క డిగ్రీ దూరం 106 కి.మీ. అమెరికా ఉత్తర కొస అలాస్కాలో అదే డిగ్రీ 37 కి.మీ.కు ముడుచుకుపోతుంది. అక్కడ రెండు మారుమూల విమానాశ్రయాలున్నాయి. ఒకటి ఉట్కియాగ్విక్. 2016 దాకా దాని పేరు బారో. రెండోది చమురు బావుల పక్కనున్న డెడ్‌హార్స్. రెండిటి మధ్య ఎనిమిది డిగ్రీల పైచిలుకు తేడా. జన్వాడ నుంచి తూర్పుకు అన్ని డిగ్రీలు జరిగితే తీరం దాటి బంగాళాఖాతంలో తేలతాం. అక్కడ మాత్రం సూటి దూరం 330 కి.మీ. లోపే! మన ఆదిలాబాద్ - హైదరాబాద్ రోడ్డు దూరం కంటే కాస్తే ఎక్కువ.

కానీ ఆ కాస్త దూరం దాటడానికి ఏడాది పొడవునా నడిచే రోడ్డు లేదు. అంతా మంచు, బురద నేల. చలికాలంలో ఉట్కియాగ్విక్‌లో రెండు నెలలకు పైగా సూర్యుడే ఉదయించడు. విమానం దొరికితే ముప్పావు గంట ప్రయాణం. దొరక్కపోతే... అసలు ప్రయాణమే లేదు. అయిదు వేల లోపు జనమున్న ఆ ఊరికి పాలూ కూరగాయలూ, మందులూ ఉత్తరాలూ అన్నీ చాలాకాలంగా గాల్లోంచి దిగేవే. ఎండాకాలం వచ్చే ఓడలు వేరే సంగతి. విమానాన్ని మనం వేగం కోసం ఎక్కుతాం. వాళ్లు వేరే దారి లేక ఎక్కుతారు. తేడా అదీ!

అరగంటా? గంటా? మూడు గంటలా?

సరే, మన ఉత్తరానికి వద్దాం. ఆదిలాబాద్ నుంచి మామునూరుకు రేపో మాపో విమానం నడిచిందే అనుకుందాం. ఎంతసేపు పడుతుంది?

సూటి దూరం సుమారు 225 కి.మీ. చిన్న పట్టణాలకు నడిచే ఏటీఆర్-72 విమానంలో డెబ్బై మంది పడతారు. రెక్కలకు రెండు పంకాలుంటాయి. గంటకు 500 కి.మీ. వేగం. భాగాహారం చేస్తే 27 నిమిషాలు. ఇంత సులువా అనిపిస్తుంది.

అయితే విమానం బస్సులా బయల్దేరగానే వేగం అందుకోదు. నిలిచిన చోటు నుంచి రన్‌వే చివరిదాకా నెమ్మదిగా పాకాలి. పైకి లేచాక మేఘాల మీదికి ఎక్కడానికి పావుగంట. అక్కడ హాయిగా సాగేది కొద్ది నిమిషాలే. అంతలోనే దిగడం మొదలు. గాలి ఎటు వీస్తే దానికి ఎదురుగా దిగాలి కాబట్టి ఒక్కోసారి చుట్టు తిరిగి రన్‌వేకు ఎదురుగా రావాలి. దిగాక మళ్లీ పాకుడు. ఇవన్నీ కలిపే విమాన సంస్థలు టికెట్ మీద టైము వేస్తాయి. శంషాబాద్ నుంచి గన్నవరం సూటిగా 260 కి.మీ. అటూఇటూ. అయినా హైదరాబాద్ - విజయవాడ విమానం టికెట్ మీద గంటకు తగ్గదు. ఆ లెక్కన ఆదిలాబాద్ - మామునూరు 50 నిమిషాలు, ఇంకొంచెం ఎక్కువే అనుకోవచ్చు.

అక్కడితో అయిపోలేదు. ఇంటి నుంచి విమానాశ్రయానికి అరగంట. గంట ముందే వెళ్లి కూర్చోవాలి. దిగాక సామాను కోసం పావుగంట. మామునూరు నుంచి వరంగల్, హనుమకొండ ఇళ్లకు ఇంకో అరగంట. కూడితే మూడు గంటలు! 27 నిమిషాల భాగాహారం చివరికి మూడు గంటల ప్రయాణమై కూర్చుంది.

అయినా ఇది లాభమే. రోడ్డు మీద ఆదిలాబాద్ నుంచి వరంగల్‌కు నిర్మల్, జగిత్యాల, కరీంనగర్‌ల మీదుగా 300 కి.మీ. దాకా ఉంటుంది. కారులో అయిదారు గంటలు. బస్సులు మారితే ఇంకా ఎక్కువ. మరి వరంగల్ నుంచి హైదరాబాద్‌కు? రైలెక్కితే రెండు గంటలు అటూఇటూ. విమానం ఎక్కితే ఇంటి నుంచి ఇంటికి మూడు నాలుగు గంటలు. డబ్బు పెట్టి ఆలస్యం కొనుక్కున్నట్టు!

అంటే మామునూరు విమానాశ్రయం హైదరాబాద్‌కు వెళ్లడానికి కాదు. ఢిల్లీకో ముంబయికో తిరుపతికో నేరుగా ఎగరడానికి. ఈ చిన్న సంగతి అర్థం కాకపోతే ‘వరంగల్‌కు ఎయిర్‌పోర్టు ఎందుకండీ, రైలుంది కదా’ అన్న మాట సబబుగానే తోస్తుంది.

అయిదు కిలోమీటర్ల పేచీ

నిజానికి మామునూరు కొత్తదేం కాదు. 1930ల నాటికే అక్కడ విమానాలు దిగాయి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాం అది. వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు, ఉత్తరాన కాగజ్‌నగర్‌లో సిర్పూరు కాగితపు మిల్లు వెలిసిన కాలం. 1980ల నాటికి ఆ రన్‌వే మీద సందడి ఆగిపోయింది. ఆదిలాబాద్ ఏరోడ్రోమ్‌దీ నిజాం కాలం పుట్టుకే. తర్వాత అది వైమానిక దళం ఆధీనంలోకి వెళ్లింది. ఊళ్లో పెద్దవాళ్లకు అదో మైదానం, అంతే.

మరి ఇన్నేళ్లూ మామునూరును ఎందుకు తెరవలేదు? ఒక కారణం... దూరమే! శంషాబాద్ విమానాశ్రయం కట్టడానికి 2004లో కుదిరిన ఒప్పందంలో ఓ షరతు ఉంది. అది మొదలైన పాతికేళ్ల దాకా 150 కి.మీ. సూటి దూరంలో పోటీగా మరో విమానాశ్రయం రాకూడదు. శంషాబాద్ నుంచి మామునూరుకు సూటి గీత గీసి చూడండి. సుమారు 145 కి.మీ. వస్తుంది. గీత లోపల అయిదు కిలోమీటర్లు! అదే రన్‌వే ఇంకాస్త తూర్పున ఉండి ఉంటే ఆ షరతు ఊసే ఉండేది కాదు. రోడ్డు దూరం లెక్కేసినా గీత బయటే ఉండేది.

చివరికి శంషాబాద్‌ను నడిపే జీఎంఆర్ సంస్థ అభ్యంతరం లేదని రాసిచ్చింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మామునూరుకు పచ్చజెండా ఊపింది. అప్పటికే అక్కడ విమానాశ్రయ సంస్థ చేతిలో 696 ఎకరాలున్నాయి. ఎయిర్‌బస్ ఏ320 లాంటి పెద్ద విమానాలు దిగాలంటే రన్‌వే పొడవు పెరగాలి. అందుకు మరో 253 ఎకరాలు కావాలని తేల్చారు. భూసేకరణకు 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం 205 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 2025 ఏప్రిల్‌లో ఆదిలాబాద్‌కూ కబురొచ్చింది. వైమానిక దళం స్థలంలో పౌర విమానాలు కూడా నడుపుకోవడానికి రక్షణ శాఖ ఒప్పుకుంది.

మిఠాయిలు పంచుకున్నవాళ్లున్నారు. మామునూరు చుట్టుపక్కల పల్లెల్లో రోడ్డెక్కిన రైతులూ ఉన్నారు. ఎకరానికి ఎంతిస్తారన్నది వాళ్ల మొదటి ప్రశ్న. మా ఊరికెళ్లే దారి రన్‌వే కింద పోతే మేమెటు తిరిగి వెళ్లాలన్నది రెండోది. ఢిల్లీని దగ్గర చేసే రన్‌వే, పక్క పొలాన్ని దూరం చేయగలదు. ఒకరికి తగ్గే గంటలు ఇంకొకరికి పెరగకుండా చూడటం కూడా లెక్కలో భాగమే.

రన్‌వే ఉంటే చాలదు

రన్‌వే వేసినంత మాత్రాన విమానం వచ్చి వాలదు. వాలినా నిలవాలి కదా! దేశం చూసిన అనుభవం ఇదే చెబుతోంది.

చిన్న పట్టణాలకు విమానాలు నడపాలని కేంద్రం ‘ఉడాన్’ పథకం తెచ్చింది. 2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లాలో తొలి విమానానికి జెండా ఊపారు. అదే రోజు మొదలైన మరో రెండు రూట్లు మనవే... కడప - హైదరాబాద్, నాందేడ్ - హైదరాబాద్. గంట ప్రయాణానికి 2,500 రూపాయలని సగం సీట్లకు గరిష్ఠ ధర పెట్టారు. నష్టాన్ని పూడ్చడానికి మూడేళ్లు రాయితీ. ఆ రెండు రూట్లనూ నడిపిన ట్రూజెట్ హైదరాబాద్ సంస్థే. 2022 ఫిబ్రవరికల్లా దాని రెక్కలు ముడుచుకున్నాయి.

కాగ్ 2023లో ఇచ్చిన నివేదిక ఇంకా సూటిగా ఉంది. ఉడాన్ మూడో విడత దాకా 774 రూట్లు కేటాయిస్తే గాల్లోకి లేచినవి 371. వాటిలో మూడేళ్ల గడువు పూర్తిచేసినవి 112. రాయితీ ఆగాక కూడా 2023 మార్చి నాటికి ఎగురుతున్నవి 54 మాత్రమే. అంటే పద్నాలుగు రూట్లు ఇస్తే ఒక్కటి నిలిచింది.

అలాగని చిన్న ఊళ్లకు విమానం దండగా? అమెరికా అలా అనుకోలేదు. 1978లో అక్కడ విమాన సంస్థల మీద ప్రభుత్వ అదుపు ఎత్తేసినప్పుడు, లాభం లేని ఊళ్లను వదిలేస్తారన్న భయం పుట్టింది. అందుకే ‘అత్యవసర విమాన సర్వీసు’ పేరుతో సాయం మొదలుపెట్టారు. అలాస్కాలో ఎన్నో చిన్న ఊళ్లకు ఆ సాయంతోనే విమానం వెళ్తోంది. మూడేళ్ల గడువు పెట్టి చేతులు దులుపుకోలేదు. కొన్ని ఊళ్లకు విమానం బస్సులాంటిదని, బస్సు ప్రతి ట్రిప్పులో లాభం తేనక్కర్లేదని వాళ్లు తీర్మానించుకున్నారు.

ఆదిలాబాద్‌కూ ఆ మాట కొంత వర్తిస్తుంది. అక్కడ రిమ్స్ ఆసుపత్రి ఉంది. పెద్ద జబ్బైతే మాత్రం హైదరాబాదో నాగపూరో తీసుకెళ్లాల్సిందే. అంబులెన్సులో పడుకున్న మనిషికి 300 కి.మీ. అన్న అంకెతో పనిలేదు. అయిదు గంటలా ఆరు గంటలా అన్నదే ముఖ్యం. అలాగని పేదరోగి విమానం టికెట్ కొనలేడు. కానీ రాత్రిపూట కూడా దీపాలు వెలిగే రన్‌వే ఒకటి ఊరి పక్కనుంటే, అవసరానికి ఎయిర్ అంబులెన్స్ దిగడానికి చోటుంటుంది. దూరపు ఊళ్ల పెద్ద డాక్టర్లు వారానికోసారి వచ్చి చూసి వెళ్లే వీలుంటుంది. పత్తి కొనే వ్యాపారి పొద్దున వచ్చి సాయంత్రం తిరిగి వెళ్లగలడు. రన్‌వే ఉపయోగమంతా విమానం ఎక్కినవాళ్లకే కాదు, ఎక్కని వాళ్లకూ కొంత చేరుతుంది... విమానం క్రమం తప్పకుండా వస్తేనే సుమా!

టికెట్ కొనేముందు...

కొత్త విమానాశ్రయం మాట వచ్చినప్పుడల్లా నాయకులు ‘అరగంటలో ఫలానా ఊరు’ అంటారు. ఇంటర్నెట్‌లో రెండు ఊళ్ల పేర్లు కొడితే దూరం, విమాన సమయం చిటికెలో వచ్చేస్తాయి. అవి తప్పుడు అంకెలు కావు, సగం అంకెలు. మిగతా సగం ఎవరికి వాళ్లు పూరించుకోవాలి.

ఎలాగంటే... టికెట్ మీది సమయానికి ఇంటి నుంచి విమానాశ్రయం దాకా, దిగాక చేరాల్సిన చోటు దాకా పట్టే సమయాన్ని కలపండి. గంట ముందు రిపోర్టింగును మర్చిపోకండి. రోజుకు ఎన్ని విమానాలో చూడండి. ఒక్కటే అయితే అది తప్పిపోయిన రోజు మీ ప్రయాణ సమయం 24 గంటలు పెరిగినట్టే. వారానికి మూడు రోజులే నడిచే విమానమైతే రోజుల్లో కొలుచుకోవాలి. పొగమంచు కురిసే డిసెంబరు, జనవరి నెలల్లో ఇంకాస్త వెసులుబాటు ఉంచుకోండి. ఇదంతా వేశాక రోడ్డు కంటే రెండు గంటలైనా మిగిలితే ఎక్కండి. మిగలకపోతే రైలు కిటికీ పక్క సీటే మేలు.

ప్రభుత్వాన్ని అడగాల్సిన లెక్క కూడా ఇదే. ఎయిర్‌పోర్టు ఎన్ని ఎకరాల్లో కడతారు, ఎన్ని కోట్లు పెడతారన్నవి మొదటిరోజు వార్తలు. రోజుకు ఎన్ని విమానాలు, ఎక్కడెక్కడికి, రాయితీ అయిపోయాక నాలుగో ఏడు ఏం చేస్తారన్నవి తర్వాతి ప్రశ్నలు. జన్వాడకు శంషాబాద్ దగ్గరవడానికి ఒక్క రన్‌వే సరిపోలేదు. దానికి తోడు రోడ్డు వచ్చింది, గంటగంటకూ విమానాలు వచ్చాయి. మామునూరుకైనా ఆదిలాబాద్‌కైనా కావాల్సింది ఆ మూడూ. వాటిలో ఏ ఒక్కటి తగ్గినా పటంలో ఢిల్లీ దగ్గరగానే కనిపిస్తూ ఉంటుంది... నాగపూర్ బస్సు మాత్రం నిండుగానే వెళ్తుంది!